అన్నం సయించని నెలలు

ప్రభుత్వ ప్రకటనల్లోనూ పత్రికల సంపాదకీయాల్లోనూ నిత్యం కనిపించే 'దోహదం' అన్న మాటకు ఈనాడు తోడ్పాటు అన్న అర్థమే స్థిరపడింది గాని, ఆ మాటకు మొదటి అర్థం గర్భిణి కోరిక అన్న సంగతి నేటి పాఠకులలో చాలామందికి స్ఫురించదు. గర్భంలోని శిశువుకు నాలుగో నెలలో హృదయం వ్యక్తమవుతుందని, అప్పటినుంచి ఆ స్త్రీ రెండు హృదయాలు కలది కనుక దౌహృదిని అవుతుందని, ఆమె కోరినది ఇవ్వకపోతే పుట్టే బిడ్డకు అంగవైకల్యం కలుగుతుందని సుశ్రుతసంహితలోని శారీరస్థానం చెబుతుంది. దౌహృదమే ప్రాకృతుల నోట నలిగి దోహదమైందని పండితులు చెప్పే మాట. అక్కడినుంచి అది చెట్లకు పాకి, స్త్రీ పాదం తగిలితే అశోకం పూస్తుందన్న కవిసమయంలోనూ, అకాలంలో పూలు పూయించడానికి తోటమాలులు వేసే ఎరువు పేరుగానూ నిలిచి, చివరకు ఏ పని నెరవేరడానికైనా ఉపకరించే దానికల్లా పేరైంది. గర్భిణి అవస్థకూ ఆమెకు అందవలసిన ఆసరాకూ ఒకే మాట ఉండటం భాషలో ఒక అదృష్టం. ఆ రెండర్థాలూ విడిపోయి, మొదటిది మరుగున పడి రెండవది మాత్రమే మిగలడంలో భాషాచరిత్రతో పాటు కొంత సంఘచరిత్ర కూడా ఉంది.

సాహిత్యం ఈ దోహదాన్ని మక్కువతోనే వర్ణించింది. రఘువంశం మూడో సర్గలో సుదక్షిణ మట్టి తింటుంది, మట్టి వాసన వేసే ఆమె మోమును దిలీపుడు మురిపెంగా ఆఘ్రాణిస్తాడు. ఆ కావ్యానికి సంజీవనీ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెతుకుసీమలోని కోలాచలం వాడు కనుక, గర్భిణి పాలిపోవడమూ మన్ను రుచించడమూ పండితచర్చకు ఎక్కడంలో తెలుగునేలకూ భాగముంది. మట్టి మీదికి మనసుపోవడం చాలా సందర్భాల్లో రక్తహీనతతో ముడిపడి ఉంటుందని నేటి వైద్యం చెబుతుంది. పాలిపోయిన చెంపలో వెన్నెలను చూసిన కవులకు ఆ పాలిపోవడం ఇనుము లోపమని తోచకపోవడం వారి తప్పేమీ కాదు. తప్పు పట్టవలసిన చోటు ఉత్తర రామాయణంలో ఉంది. అక్కడ గర్భవతి అయిన సీత మునుల ఆశ్రమాలు చూడాలన్న కోరిక చెబితే, ఆ కోరిక తీర్చే నెపంతోనే ఆమెను అడవిలో విడిచి వస్తారు. దోహదం అడిగిన స్త్రీకి దక్కిన దోహదం అదీ.

గ్రంథాలూ కావ్యాలూ గర్భిణి ఏమి కోరుతుందో చెప్పడానికి చూపిన ఆసక్తిని, ఆమె ఏమి భరించలేకపోతుందో చెప్పడానికి చూపలేదు. ఆ పని ఇళ్ళలో ఆడవాళ్ళ మాట చేసింది. 'అన్నం సయించడం లేదు' అన్న వాక్యంలో ఆకలి లేకపోవడం ఒక్కటే లేదు. ఒకప్పుడు అయినదే ఇప్పుడు పరాయిదై, శరీరం దానిని దగ్గరకు రానివ్వకపోవడం ఉంది. వికారం, డోకు, ఓకరింత, కడుపులో తిప్పడం, నోట్లో నీళ్ళూరడం అని ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క పేరు పెట్టుకున్న భాష, వాటన్నిటినీ కలిపి వేవిళ్ళు అంది. పేరు పెట్టడంతోనే దానికి చనువూ వచ్చింది. తెలుగు సినిమాలో కథానాయిక నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తితే చాలు, ఆ ఒక్క వాంతికే ఇల్లంతా మిఠాయిలు పంచుతారు. రెండో వాంతి తెరమీద కనబడదు. ఇక ఇరవయ్యో వాంతి సంగతి చెప్పనక్కరలేదు.

గర్భం దాల్చిన ప్రతి పదిమందిలోనూ దాదాపు ఏడెనిమిది మందికి ఏదో ఒక మేరకు వికారమో వాంతులో ఉంటాయి. ఇవి సాధారణంగా అయిదారు వారాల గర్భంతో మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో ఉధృతమై, పద్నాలుగు పదహారు వారాలకు తగ్గుముఖం పడతాయి. కొందరికి ఇరవై వారాల దాకా, కొద్దిమందికి కాన్పు దాకా సాగుతాయి. ఇంగ్లీషులో దీనికున్న 'మార్నింగ్ సిక్‌నెస్' అన్న పేరు నిద్ర లేవగానే వచ్చి పోయే బాధ అన్న భ్రమ కలిగిస్తుంది గాని, బాధపడేవారిలో ఎక్కువమందికి అది ఉదయానికి పరిమితమైనది కాదు. ఈ పెద్ద సమూహంలోనే, వివిధ అధ్యయనాల లెక్కలో వెయ్యికి మూడు నుంచి ముప్పై మంది వరకు, మరొక స్థితిలో ఉంటారు. దానిని వైద్యులు హైపర్‌ఎమెసిస్ గ్రావిడారమ్ అంటారు. గర్భవతుల అతివాంతులు అని దాని భావం. గర్భానికి ముందున్న బరువులో నూటికి అయిదు వంతులు గాని అంతకుమించి గాని తగ్గిపోవడం, ఒంట్లో నీరు ఇంకిపోవడం, ఆహారం అందక శరీరం తన కొవ్వును తానే కరిగించుకుంటున్నందుకు గుర్తుగా మూత్రంలో కీటోన్లనే పదార్థాలు కనిపించడం దీనికి చాలాకాలంగా చెబుతూ వచ్చిన లక్షణాలు. 2021లో వివిధ దేశాల వైద్యులూ రోగులూ కలిసి కుదుర్చుకున్న నిర్వచనంలో, పదహారు వారాలలోపు మొదలైన తీవ్రమైన వికారమో వాంతులో ఉండి, మామూలుగా తినలేక, తాగలేక, రోజువారీ పనులు చేసుకోలేని స్థితి అని ఉంది. వ్యాధిని గుర్తించడానికి రక్తమూ మూత్రమూ చెప్పే సాక్ష్యంతో పాటు, లేవలేకపోతున్నానని రోగి చెప్పే మాట కూడా సాక్ష్యమేనని అంగీకరించడం ఈ నిర్వచనంలోని విశేషం. ఇంత ఆలస్యంగా అంగీకరించడం దాని వెనుక ఉన్న విషాదం.

ఎందుకంటే ఈ వ్యాధికి మొదటి చికిత్స నమ్మడం. 'అందరికీ ఉండేదే', 'మేము కనలేదా', 'పొలం గట్టున పనిచేస్తూనే కన్నాం' అనే మాటలు ఓదార్పుగా మొదలై, మూడో వారానికి తీర్పుగా మారతాయి. ఈ తర్కంలోని లోపం చిన్నదే అయినా మొండిది: జలుబు అందరికీ వస్తుంది కనుక న్యుమోనియా కూడా జలుబే అన్నట్టుగా, వేవిళ్ళు అందరికీ ఉంటాయి కనుక నాలుగు రోజులుగా గుక్కెడు నీళ్ళు నిలవని మనిషివి కూడా వేవిళ్ళేనని అది సాధిస్తుంది. తాలింపు వాసన, ఉడికే అన్నం ఆవిరి, భర్త తలనూనె, స్నానాల గదిలో సబ్బు, చివరకు తన ఒంటి వాసన కూడా వాంతికి కారణమయ్యే మనిషికి ఇల్లంతా శత్రుస్థలమే. ఉమ్మి మింగలేనంతగా లాలాజలం ఊరుతుంటే గిన్నె పక్కన పెట్టుకుని కూర్చునేవారూ ఉంటారు. అటువంటి మనిషిని వంటింట్లో నిలబెట్టి, బిడ్డ కోసమైనా తినమని చెప్పడం దయగలవారు చేసే క్రౌర్యం. అంగన్‌వాడీలో వేళకు అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెట్టే పథకాలు ఎంతో మేలైనవే అయినా, ఉడికిన గుడ్డు వాసనకే పరుగెత్తే గర్భిణి దానిని వదిలేస్తే అది ఆమె నిర్లక్ష్యం కిందికి రాకూడదు.

నమ్మకపోవడం ఇళ్ళలోనే కాక వైద్యశాస్త్రంలోనూ ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఐరోపా, అమెరికాల్లోని మనోవిశ్లేషకులు కొందరు, ఆ స్త్రీ లోలోపల గర్భాన్ని నిరాకరిస్తున్నదని, ఆ నిరాకరణే నోటిద్వారా బయటపడుతున్నదని సిద్ధాంతం చేశారు. చుట్టాలను రానివ్వకుండా ఒంటరి గదిలో ఉంచడం చికిత్సగా చెలామణి అయింది. దాని నీడ ఎంతకాలం సాగిందనడానికి అమెరికా జన్యుశాస్త్రవేత్త మార్లీనా ఫెయ్జో ఉదంతం చాలు. 1999లో ఈ వ్యాధితో గర్భాన్ని కోల్పోయిన ఆమె, తన బాధను దృష్టిని ఆకర్షించే ప్రయత్నంగా ఆనాటి వైద్యుడు తీసిపారేశాడని తరువాత చెప్పింది, ఆ ప్రశ్ననే తన జీవితకాల పరిశోధనగా మార్చుకుంది. 2018లో ఆమె బృందం ఈ వ్యాధికీ జీడీఎఫ్15 అనే జన్యువుకూ సంబంధాన్ని చూపింది. 2023 డిసెంబరులో 'నేచర్' పత్రికలో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త స్టీఫెన్ ఓరాహిలీ తదితరులతో కలిసి ప్రకటించిన పత్రం ఆ సంబంధం ఎలా పనిచేస్తుందో వివరించింది. జీడీఎఫ్15 అనేది శరీరకణాలు ఒత్తిడికి లోనైనప్పుడు మామూలుగా కొద్దికొద్దిగా విడుదల చేసే హార్మోను. గర్భంలో దానిని మావి, అంటే తల్లికీ బిడ్డకూ నడుమ ఉండే అవయవం, చాలా ఎక్కువగా తయారుచేస్తుంది. అది మెదడు వెనుక భాగంలో వాంతిని పుట్టించే కేంద్రం మీద పనిచేస్తుంది. గర్భానికి ముందు ఈ హార్మోను తక్కువగా ఉండి దానికి అలవాటు పడని స్త్రీలకు హఠాత్తుగా వచ్చిన ఉప్పెన భరించరానిదవుతుంది. బీటా తలసీమియా అనే రక్తవ్యాధి వల్ల జీవితమంతా అది ఎక్కువగా ఉండే స్త్రీలకు గర్భంలో వికారం చాలా తక్కువగా కనిపించడం ఈ వివరణను బలపరిచింది. మనసులో దాగిన నిరాకరణ కోసం వెతికినంత కాలమూ కారణం మావి నుంచి రక్తంలోకి వస్తూనే ఉందన్నమాట.

ఆ తెలివిడి రావడానికి ముందే ఎందరో పోయారు. 'జేన్ ఐర్' నవలా రచయిత్రి షార్లట్ బ్రాంటీ 1855 మార్చి 31న, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, గర్భవతిగా ఉండి ఎడతెగని వాంతులతో క్షీణించి మరణించింది. ధ్రువపత్రంలో క్షయ అని ఉన్నా, ఈ వ్యాధే కారణమని నమ్మేవారు చాలామంది. సెలైన్ ఎక్కించే పద్ధతి వాడుకలోకి వచ్చాక ఇటువంటి మరణాలు అరుదయ్యాయి.

మందుల కథ దీనికంటే చిక్కైనది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను నిద్రమాత్రగానూ గర్భిణుల వికారానికి విరుగుడుగానూ వాడారు. కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడని శిశువులు వరుసగా పుడుతుంటే, జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే వైద్యులు 1961లో కారణాన్ని గుర్తించాక గాని దానిని ఉపసంహరించలేదు. అప్పటికి పదివేలకు పైగా బిడ్డలు బలయ్యారు. అమెరికాలో ఔషధ నియంత్రణ శాఖ అధికారిణి ఫ్రాన్సిస్ కెల్సీ సరైన ఆధారాలు లేవంటూ అనుమతిని ఆపి ఉంచడం వల్ల ఆ దేశం చాలావరకు బయటపడింది. ఆ ఘోరం నేర్పిన జాగ్రత్త అవసరమైనదే గాని, దాని వెంట వచ్చిన భయం మరొక తరం స్త్రీలను శిక్షించింది. డాక్సిలమిన్, పిరిడాక్సిన్ అనే రెంటినీ కలిపిన మాత్ర (రెండోది బి6 విటమిన్) అమెరికాలో బెండెక్టిన్ పేరుతో దశాబ్దాలపాటు అమ్ముడై, హాని చేస్తుందన్న రుజువు లేకుండానే, వ్యాజ్యాల ఒత్తిడికి 1983లో తయారీదారే మార్కెట్టు నుంచి తీసేసేదాకా వచ్చింది. అదే మందు 2013లో మరో పేరుతో అక్కడ తిరిగి అనుమతి పొందింది. నడుమ గడిచిన ముప్పై ఏళ్ళలో అక్కడి గర్భిణుల్లో చాలామందికి మిగిలినవి అల్లం, ఉప్పు బిస్కట్లు, సహనం. మన దేశంలో ఈ మాత్ర ఇప్పటికీ వైద్యులు మొదట రాసేవాటిలో ఒకటి. అయినా చీటీ మీద రాసిన మాత్రను గర్భంలో మందులు మంచివి కావన్న పెద్దల మాట విని మింగకుండా దిండు కింద దాచేవారు తక్కువేమీ కాదు. వాంతులు అదుపులో లేకపోవడం కూడా బిడ్డకు మంచిది కాదన్నది ఆ తూకంలో రెండో తట్టలో పడని బరువు. అల్లం స్వల్పమైన వికారానికి కొంత పనికివస్తుంది గాని, నీళ్ళే నిలవని స్థితిలో అల్లం కషాయం మరో వాంతికి సరుకవుతుంది.

తెలుగునాట ఈ వ్యాధికి అందరూ ఎరిగిన చికిత్స గ్లూకోజు సీసా. నీరసించిన గర్భిణికి ఊళ్ళోని ప్రైవేటు వైద్యుడో పట్నంలోని నర్సింగు హోమో ఒక సీసా ఎక్కించి పంపడం, ఆమె ఒకపూట తేరుకోవడం, మళ్ళీ పడిపోవడం పరిపాటి. ఇందులో బయటికి కనిపించని ప్రమాదం ఒకటుంది. గ్లూకోజును శక్తిగా మార్చుకోవడానికి శరీరానికి థయామిన్, అంటే బి1 విటమిన్, కావాలి. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వారాల తరబడి ఏమీ నిలవని మనిషికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే, ఉన్న కాస్త నిల్వ కూడా హరించుకుపోయి, వెర్నికే ఎన్‌సెఫలోపతి అనే మెదడు వ్యాధి రావచ్చు. చూపు రెండుగా కనిపించడం, కనుగుడ్లు నిలకడ లేకుండా కదలడం, నడక తూలడం, మాటలో తికమక దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది, ప్రాణమూ పోవచ్చు. 1881లో కార్ల్ వెర్నికే దీనిని మొదట వర్ణించినప్పుడు ఆయన చూపిన ముగ్గురు రోగులలో ఇద్దరు తాగుడు అలవాటున్న పురుషులు, మూడవ వ్యక్తి ఆమ్లం మింగి ఆపైన ఎడతెగని వాంతులకు లోనైన ఒక యువతి. వ్యాధి పుట్టుపత్రంలోనే వాంతి ఉందిగాని, అది తాగుబోతుల జబ్బుగా పేరుపడటంతో గర్భిణిలో దానిని ఊహించడం కష్టమైంది.

ఈ థయామిన్ లోపం తెలుగువారికి కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తర సర్కారులు, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా జిల్లాలు, థయామిన్ లోపం వల్ల వచ్చే బెరిబెరికి పేరుమోసినవి. మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లో ఆ వ్యాధిమీద ఒక గ్రంథమే ప్రచురించాడు. అప్పటికి విటమిన్ అన్న ఊహే లేదు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో తక్కువగా, బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేచోట ఎక్కువగా బెరిబెరి కనిపిస్తుందని తరువాతి పరిశోధకులు గమనించారు. తవుడుతో పోయేది, గంజితో వార్చేది ఆ విటమిన్నే. తెల్లటి అన్నం మీద మోజు తగ్గని సంఘంలో గర్భిణి ఖాళీ నిల్వతోనే వాంతుల్లోకి దిగే అవకాశం ఎక్కువ కనుక, గ్లూకోజుకు ముందు థయామిన్ పడిందా అని అడగడం ఇంటివారు చేయగలిగిన అతి చిన్న, అతి విలువైన పని. నీటి లోపానికి ఉప్పునీటి సెలైను, పొటాషియం తగ్గితే అది కలిపి ఎక్కించడం వైద్యుల పద్ధతి.

ప్రతి వాంతినీ వేవిళ్ళ ఖాతాలో రాయడం ఇంకొక పొరపాటు. కవలలున్నా, మావి నీటిబుడగల గుత్తిగా మారే ముత్యాల గర్భమైనా వాంతులు మరీ ఎక్కువగా ఉంటాయి కనుక తొలి స్కానింగ్‌ను వాయిదా వేయకూడదు. తొలి నెలల్లో ఏ బాధా లేకుండా పదో వారం తరువాత కొత్తగా మొదలైన వాంతులకు మూత్రంలో ఇన్‌ఫెక్షనో, పిత్తాశయమో, కామెర్లో, అపెండిక్సో కారణం కావచ్చు. ఇరవై వారాలు దాటాక తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పితో వచ్చే వాంతి రక్తపోటు పెరుగుతున్నదని, గుర్రపువాతానికి దారి తీయవచ్చని హెచ్చరిక. దానిని మజ్జిగతో తగ్గించాలని చూడటం ప్రాణాంతకం. మూత్రం ఎనిమిది గంటలుగా రాకపోయినా, ముదురు రంగులో చుక్కలుగా వచ్చినా, రోజంతా గుక్కెడు నీళ్ళు నిలవకపోయినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

ఇక సుదీర్ఘంగా సాగే మామూలు బాధను గట్టెక్కే మార్గాలు వీరోచితమైనవేవీ కావు. పడుకున్నచోటే రెండు మరమరాలు, వాటినే బొరుగులనే చోట బొరుగులు, నోట వేసుకుని కాసేపయ్యాక లేవడం; భోజనమూ నీళ్ళూ కలిపి కాక విడివిడిగా, చెంచాలతో లెక్కపెట్టినట్టు తీసుకోవడం; వేడి అన్నం కంటే వాసన తక్కువగా ఉండే చల్లటి పెరుగన్నం; ఇనుము మాత్ర వికారాన్ని పెంచుతుంటే వైద్యులను అడిగి తొలి నెలలు దాటేదాకా ఫోలిక్ యాసిడ్‌తో సరిపెట్టడం; కదలక పడుకునేవారు కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా పాదాలు ఆడించడం. ఏది నిలిస్తే అదే పథ్యం. ఇనుము అక్కరలేదని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మంది రక్తహీనులు. అయితే మింగి కక్కిన మాత్ర ఎవరి రక్తంలోనూ చేరదు. అతివాంతుల బారిన పడినవారిలో శరీరం కంటే మనసు ఆలస్యంగా కోలుకుంటుంది. కోరి తెచ్చుకున్న గర్భాన్నే వద్దనుకునే స్థితికి చేరినవారూ, బిడ్డ పుట్టాక కూడా ఒక వాసనకు ఉలిక్కిపడేవారూ, రెండో కాన్పు మాటెత్తితే మౌనం వహించేవారూ ఉన్నారు. ఒకసారి వచ్చినవారికి ఈ వ్యాధి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ కనుక ఆ మౌనాన్ని మొండితనం అనడానికి వీల్లేదు.

దోహదమన్న మాటలోని రెండర్థాలు విడిపోయిన తీరు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. గర్భిణికి సంఘం ఇచ్చే ఆదరమంతా చివరి నెలల చుట్టూ అల్లుకుని ఉంది. సీమంతం, పుట్టింటికి ప్రయాణం, అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకు తల్లి వీసా, అన్నీ కడుపు కనిపించాకే. వాంతులు ఉధృతంగా ఉండే మొదటి మూడు నెలల్లో మాత్రం నెల తప్పిన సంగతి బయటికి పొక్కనివ్వకూడదన్న కట్టుబాటు. కొన్నిచోట్ల తొలి నెలల్లో పుట్టింటివారు సందడి చేయకుండా చలివిడి తెచ్చి పెట్టడం ఉంది, దానిని దొంగ చలివిడి అంటారు; అవసరమైన వేళకు అందిన ఆ ఆదరం కూడా దొంగచాటుదే. చట్టం కూడా ఆచారం బాటే పట్టింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ ఇరవై ఆరు వారాల సెలవిచ్చినా, అందులో కాన్పుకు ముందు వాడుకోనిచ్చినది ఎనిమిది వారాలే, అంటే ముప్పై రెండో వారం నుంచే. అయితే గర్భం వల్ల కలిగిన అనారోగ్యానికి అదనంగా ఒక నెల వరకు వేతనంతో సెలవు ఇవ్వాలని అదే చట్టం పదో సెక్షన్ చెప్పింది. దానిని అడిగేవారు అరుదు, ఎందుకంటే వేవిళ్ళను అనారోగ్యమని కాగితం మీద రాసేవారు అరుదు. వైద్యులు ఆ ధ్రువపత్రంలో వేవిళ్ళు అని కాక వ్యాధి పేరు, తగ్గిన బరువు, తేదీతో సహా రాయాలి. రాయకపోతే ఇంటివారు అడిగి రాయించుకోవాలి.